ముప్పై ఎనిమిది దగ్గర

చెరుకు తోటలు కాల్చే రోజుల్లో మా బండబర్గ్‌లో
నల్లటి బూడిద రేకులు గాల్లో తేలి వస్తాయి.
ఆరేసిన దుప్పట్ల మీద, కారు అద్దం మీద,
కుక్క వీపు మీద.
ఆ ఏడు ఒకటి నా కాలి మీద, మేజోడు అంచు దగ్గర వాలింది.
తుడిచాను. పోలేదు.
సబ్బు పెట్టి రుద్దాను. పోలేదు.
చెరుకు అయిపోయింది, మిల్లు కూత ఆగిపోయింది.
అది మాత్రం ఉంది.

పుట్టుమచ్చ అంటారు గానీ
ఇది నాతో పుట్టింది కాదు.
అరవై మూడో ఏట అడగకుండా వచ్చింది.

ఇరవై ఆరేళ్ళు బడి ముందు
ఆగుము అని రాసిన గుండ్రటి పలక పట్టుకుని నిలబడ్డాను.
పొద్దున గంట, మధ్యాహ్నం గంట.
తలకి టోపీ, ముక్కుకి తెల్ల క్రీము, పొడుగు చేతుల చొక్కా.
టోపీ లేని పిల్లల్ని రోడ్డు దాటనిచ్చేదాన్ని కాదు.
నా పిక్కల సంగతి ఎవరూ అడగలేదు,
నేనూ అడగలేదు.

కోసేశారు.
రెండేళ్ళు హాయిగా ఉన్నాం,
నేనూ, నా కాలి మీది గుంటా.
తర్వాత దగ్గు.
ఊపిరితిత్తుల్లో తొమ్మిది, కాలేయంలో రెండు
అని డాక్టర్ పపాస్ తెర మీద వేలు పెట్టి చూపించింది.
అవే బూడిద రేకులు.
ఈసారి లోపల ఆరేసిన బట్టల మీద.

ముక్క తీసి పరీక్ష చేశారు.
నా కణితిలో ఒక స్విచ్చు ఎప్పుడూ వేసే ఉంటుందట,
ఎవరూ ఆర్పని వరండా దీపంలాగా.
ఆర్పడానికి రెండు మందులు.
ఒకటి గొట్టం మాత్ర, పన్నెండు గంటలకోసారి.
రెండోది రోజుకొకటి, ఫ్రిజ్‌లో ఉండాలి,
వెన్నకీ మా బెర్నీ బీరు సీసాలకీ మధ్య.
తిండికి గంట ముందు, లేదంటే తిన్న రెండు గంటలకి.
నేను ఆరింటికి టోస్టు కొరకడం మానేశాక
బిస్కట్ నన్ను అనుమానంగా చూస్తోంది.
అంచుల కోసం బతికే కుక్క.

మందుల షాపులో చీటీ అందుకున్నవాడు లాక్లన్.
ఎడమ బూటు లేసు ఊడిపోయి
రోడ్డు నడిమధ్య కూర్చుని కట్టుకునేవాడు.
వాడి కోసం ఒక రోజు
రెండు చెరుకు లారీల్నీ ఒక పోలీసు బండినీ ఆపాను.
నన్ను గుర్తుపట్టలేదు. నేనూ చెప్పలేదు.
కౌంటరు మీదుగా వంగి చూశాను,
లేసుల్లేని బూట్లు వేసుకున్నాడు.

"జ్వరం వస్తుంది" అన్నాడు, పెద్దమనిషిలా.
"ముప్పై ఎనిమిదికి చేరితే రెండూ ఆపేసి ఫోన్ చేయండి.
జ్వరం లేకుండా ఒక రోజు నిండితే
అప్పుడు చెప్తారు, మళ్ళీ మొదలుపెట్టమని."

ఆగు. అటూ ఇటూ చూడు. దాటు.
ఈ పని నాకు వచ్చు బాబూ.

మూడో వారం, అర్ధరాత్రి,
పళ్ళు టకటకమన్నాయి, మంచం కూడా వంత పాడింది.
ముప్పై ఎనిమిది పాయింట్ ఆరు.
వంటగదిలో, నైటీలో, ఫ్రిజ్ తలుపు ముందు
తెలియకుండానే చెయ్యి అడ్డంగా చాపి నిలబడ్డాను.
మందులు ఆగాయి. నేనూ ఆగాను.
ఆ రేకులు ఆగాయో లేదో,
వాటికి నా పలక కనిపించిందో లేదో.
వణుకంతా జ్వరానిది కాదు.

మూడు నెలలకి మళ్ళీ స్కాను.
తొమ్మిదిలో నాలుగు కనిపించలేదు.
మిగతావి బఠాణీలు కాస్తా ఆవగింజలయ్యాయి.
బెర్నీ పార్కింగ్ చీటీ నలుపుతూ నలుపుతూ
కారు తాళం ఎక్కడ పెట్టాడో మర్చిపోయాడు.
"నయమైనట్టేనా?" అడిగాను.
పపాస్ పెన్ను మూత తీసింది, పెట్టింది.
"పనిచేస్తోంది" అంది.

ఆ రెండు మాటలూ ఒకటి కాదు.
కొందరికి ఏడాది, కొందరికి ఏళ్ళు.
ఎప్పుడో ఒకనాడు అది ఇంకో సందు వెతుక్కోవచ్చునట.
అప్పుడు వేరే మందు చూద్దాం అంది, నరంలోకి ఎక్కించేది.
నాకేం వింత కాదు.
గేటు మూస్తే కంచె కింద దూరే పిల్లల్ని
ఇరవై ఆరేళ్ళు చూశాను.

మళ్ళీ చెరుకు కాలుస్తున్నారు.
పొద్దున్నే దుప్పట్లు తీస్తుంటే
మోచేతి మీద నల్లగా ఒకటి వాలింది.
చాలాసేపు ఊదలేదు.
తర్వాత ఊదాను.

ఆరున్నర.
టోస్టుకి ఇంకా అరగంట.
బిస్కట్ బల్ల కింద కాచుకుని ఉంది.